తిరుపతిలో శాఖ పెట్టాం సరే, అధికారిక గుర్తింపు ఎప్పుడు వచ్చినట్టు?

హైదరాబాదులోనో విజయవాడలోనో ప్రధాన కార్యాలయం ఉన్న ఒక స్వచ్ఛంద సంస్థకు తిరుపతిలో శాఖ పెట్టడానికి మనుషుల్ని కూడగట్టడం పెద్ద కష్టం కాదు. యూనివర్సిటీలున్న ఊరు, పెద్దాసుపత్రులున్న ఊరు. రక్తదానమన్నా, పిల్లలకు పుస్తకాలన్నా, రుయా దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు భోజనమన్నా పదిమంది ముందుకొస్తారు. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. వాట్సాప్ గ్రూపు పెట్టి, ఫ్లెక్సీ కట్టి, రెండు కార్యక్రమాలు చేశాక బ్యాంకుకు వెళ్తే, శాఖను ఎవరు గుర్తించారో చూపించే కాగితం అడుగుతారు. దాత 80జి రసీదు, అంటే తనకు ఆదాయపు పన్ను మినహాయింపు తెచ్చే రసీదు, అడుగుతాడు. కళాశాల ప్రిన్సిపాల్ రిజిస్ట్రేషన్ నంబరు అడుగుతాడు. ఈ ముగ్గురూ అడుగుతున్నది ఒకే కాగితం కాదు. ఒకటి చూపిస్తే మిగతా రెండూ ఉన్నట్టే అనుకోవడం వల్లే శాఖలు ఇబ్బందుల్లో పడుతున్నాయి.

గుర్తింపులు మూడున్నాయి: మాతృసంస్థ ఇచ్చేది, చట్టం ఇచ్చేది, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చేది. మూడింటికీ మూడు తేదీలుంటాయి. మీ శాఖ ఏ పని ఏ రోజు నుంచి చేయవచ్చో ఆ తేదీలే చెబుతాయి.

మాతృసంస్థ గుర్తింపు: ఉత్తర్వు మీద ఉన్న తేదీయే తేదీ

రాష్ట్ర అధ్యక్షుడు వేదికమీద "ఈ రోజు నుంచి తిరుపతి శాఖ ఏర్పడింది" అని ప్రకటిస్తే శాఖ ఏర్పడినట్టు కాదు. ప్రారంభోత్సవం, శిలాఫలకం, పేపర్లో వార్త ఇవేవీ గుర్తింపు కావు. శాఖను గుర్తించే అధికారం ఎవరికుందో మాతృసంస్థ బైలాలో, అంటే నియమావళిలో, రాసి ఉంటుంది. కొన్నిచోట్ల కేంద్ర కార్యవర్గానికి, కొన్నిచోట్ల రాష్ట్ర కమిటీకి, కొన్నిచోట్ల సర్వసభ్య సమావేశానికి ఉంటుంది. ఆ అధికారం ఉన్న కమిటీ తీర్మానం చేసి, దాని నంబరు, తేదీ వేసి, శాఖ పేరు, పరిధి, బాధ్యుల పేర్లు రాసి ఇచ్చిన ఉత్తర్వే గుర్తింపు. కార్యదర్శి ఒక్కడే లెటర్‌హెడ్ మీద అభినందనలు రాసి పంపితే అది మర్యాద ఉత్తరం మాత్రమే.

అందుకని అన్నిటికన్నా ముందు మాతృసంస్థ బైలా పూర్తి ప్రతి తెప్పించుకోండి. అందులో మూడు చోట్ల వేలు పెట్టి చదవాలి. శాఖల గురించి నియమం అసలుందా? లేకపోతే శాఖ పెట్టే అధికారమే లేదు, ముందు వాళ్లు బైలా సవరించుకోవాలి. పనిచేసే ప్రాంతం ఏమని రాశారు? 2014 జూన్ 2కు ముందు హైదరాబాదులో రిజిస్టరైన చాలా సంస్థల బైలాల్లో "ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం" అని ఉంటుంది. రాష్ట్ర విభజన తర్వాత ఆ మాట సవరించుకున్నారా లేదా అడగండి. మూడోది, శాఖ డబ్బు ఎవరిది అన్న నియమం. శాఖ వసూలు చేసిన దాంట్లో సంస్థ కేంద్ర కార్యాలయానికి ఎంత శాతం వెళ్లాలి, శాఖ మూతపడితే మిగిలింది ఎవరికి చేరుతుంది అన్నది అక్కడే తేలాలి.

సంస్థను బట్టి దారి మారుతుంది. రోటరీ, లయన్స్ లాంటి అంతర్జాతీయ సంస్థల్లో కొత్త క్లబ్బుకు కనీసం 20 మంది చార్టర్ (వ్యవస్థాపక) సభ్యులు కావాలి. చార్టర్ (క్లబ్బు గుర్తింపు పత్రం) మంజూరైన తేదీ నుంచే క్లబ్బు లెక్కలోకి వస్తుంది. రెడ్‌క్రాస్ సంగతి వేరు. అది 1920లో చేసిన ప్రత్యేక చట్టం కింద నడిచే సంస్థ, జిల్లా శాఖకు కలెక్టరు అధ్యక్షుడిగా ఉంటారు. పదిమంది కలిసి "మా రెడ్‌క్రాస్ శాఖ" అని పెట్టుకునే వీలుండదు, ఉన్న శాఖలో సభ్యులుగా చేరాల్సిందే. రాష్ట్ర స్థాయిలో సొసైటీగా రిజిస్టరైన మామూలు సంస్థలకే ఈ వ్యాసం ఎక్కువగా పనికొస్తుంది.

పరిధి: ఇక్కడ ముందుగా తేల్చుకోవాల్సిన విషయం

2022 ఏప్రిల్ 4న చిత్తూరు జిల్లాను విడదీసి తిరుపతి జిల్లా చేశారు. చాలా సంస్థలు ఇప్పటికీ తమ రికార్డుల్లో "చిత్తూరు జిల్లా శాఖ" అనే ఉంచుకున్నాయి. తిరుపతి, శ్రీకాళహస్తి, చంద్రగిరి, పుత్తూరు సభ్యులంతా ఆ పాత శాఖ జాబితాలోనే ఉంటారు. సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు సభ్యులు నెల్లూరు శాఖ జాబితాలో ఉంటారు, ఎందుకంటే ఆ ప్రాంతం నెల్లూరు జిల్లా నుంచి వచ్చి కలిసింది. ఇలాంటప్పుడు "తిరుపతి జిల్లా శాఖ" అని దరఖాస్తు చేస్తే చిత్తూరు శాఖవాళ్లు, నెల్లూరు శాఖవాళ్లు అభ్యంతరం పెడతారు. పెట్టడం న్యాయమే. సభ్యత్వ రుసుము, స్థానిక దాతలు, పాత బ్యాంకు ఖాతాలో నిల్వ అన్నీ దాంతో ముడిపడి ఉన్నాయి కదా.

అందువల్ల దరఖాస్తుకు ముందే చిత్తూరు శాఖతో కూర్చుని నాలుగు విషయాలు కాగితం మీద పెట్టుకోవాలి: ఏయే మండలాలు ఎవరివి, ఏ సభ్యులు ఏ తేదీ నుంచి మారతారు, ఆ ఏడాది సభ్యత్వ రుసుము ఎవరికి జమ, పాత శాఖ దగ్గరున్న ప్రొజెక్టరు, మైకు సెట్టు, పుస్తకాలు లాంటి సామాన్లు ఎవరికి. చిత్తూరు శాఖ తీర్మానం నకలు, అభ్యంతరం లేదన్న లేఖ దరఖాస్తుకు జతచేయాలి. ఈ లేఖ లేకుండా వెళ్లిన దరఖాస్తు కేంద్ర కార్యాలయంలో నెలల తరబడి ఆగిపోతుంది. ఎవరూ తిరస్కరించరు, ఎవరూ మంజూరు చేయరు. పరిధిని చిన్నగా మొదలుపెట్టడం మంచిది. "తిరుపతి నగర శాఖ" అని అడిగితే తగాదా తక్కువ, జిల్లా శాఖగా తర్వాత పెంచుకోవచ్చు.

శాఖగా ఉండాలా, సొంత సొసైటీగా రిజిస్టర్ కావాలా

అన్నిటికన్నా పెద్ద నిర్ణయం ఇదే. ఎక్కువమంది దీన్ని ఆలోచించకుండానే తీసేసుకుంటారు. "సొంత రిజిస్ట్రేషన్ ఉంటే గౌరవం" అనుకుని ఏడుగురు సంతకాలు పెట్టి సొసైటీ రిజిస్టర్ చేయిస్తారు. అది చేసిన మరుక్షణం చట్టం దృష్టిలో మీరు మాతృసంస్థలో భాగం కారు. పేరు ఒకటే అయినా వేరే సంస్థ. దాని ఫలితాలు చాలా దూరం వెళ్తాయి.

మాతృసంస్థకు ఉన్న 12ఎబి (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే రిజిస్ట్రేషన్), 80జి మీకు వర్తించవు. వాళ్ల 80జి నంబరు మీ రసీదు మీద అచ్చు వేస్తే అది తప్పుడు రసీదు, దాత తీసుకున్న మినహాయింపు పోతుంది. విదేశీ విరాళాల సంగతి ఇంకా గట్టిగా ఉంటుంది. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత, విదేశీ విరాళం అందుకున్న సంస్థ ఆ డబ్బును వేరే ఏ సంస్థకూ బదిలీ చేయకూడదు. అందుకునే సంస్థకు కూడా ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్నా కూడదు. అంటే మీరు విడిగా రిజిస్టరైతే, కేంద్ర కార్యాలయం దగ్గరున్న విదేశీ నిధుల్లో ఒక్క రూపాయి మీ ఖాతాకు రాదు. సొంతంగా ఎఫ్‌సీఆర్‌ఏ కావాలంటే మామూలుగా మూడేళ్ల వయసు, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో ప్రధాన లక్ష్యాల మీద 15 లక్షల రూపాయల ఖర్చు చూపాలి. స్థానిక విరాళాల్లోనూ ఒక మెలిక ఉంది: ఒక ధార్మిక సంస్థ ఇంకో ధార్మిక సంస్థకు విరాళమిస్తే, ఇచ్చిన దాంట్లో 85 శాతాన్నే ఖర్చుగా లెక్కిస్తారు. మాతృసంస్థ ఆడిటరు అందుకే మీకు డబ్బు పంపడానికి వెనకాడతాడు.

శాఖగానే ఉంటే ఇవేవీ ఉండవు. పాన్ మాతృసంస్థదే, 80జి మాతృసంస్థదే, లెక్కలు వాళ్ల బ్యాలెన్స్ షీటులో కలుస్తాయి. బదులుగా స్వాతంత్ర్యం తగ్గుతుంది: ఖాతా తెరవడానికి, అద్దె ఒప్పందానికి, ఉద్యోగిని పెట్టుకోవడానికి కేంద్ర తీర్మానం కావాలి. మీరు ఆలస్యంగా వోచర్లు పంపితే మొత్తం సంస్థ ఆడిట్ ఆగుతుంది, వాళ్లు మీ మీద అరుస్తారు.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. తొలి మూడేళ్లు శాఖగానే ఉండండి. స్థలం కొనడం, భవనం కట్టడం, స్థానికంగా రిజిస్టరైన సంస్థకే ఇచ్చే గ్రాంటు తెచ్చుకోవడం లాంటి అవసరం నిజంగా వచ్చినప్పుడు, లేదా ప్రతి జిల్లా శాఖ విడిగా రిజిస్టర్ కావాలని మాతృసంస్థ బైలాలోనే ఉన్నప్పుడు మాత్రమే సొసైటీ దారి పట్టండి.

దరఖాస్తు ఎలా కట్టాలి

ముందు అడ్‌హాక్ (తాత్కాలిక) కమిటీ వేయాలి. దానికి ఒక సమావేశం, ఆ సమావేశానికి మినిట్స్. మినిట్స్ బుక్ అంటే బైండు చేసిన పుస్తకం, పేజీలకు ముందే నంబర్లు వేసి ఉండాలి. విడి కాగితాల మీద టైపు చేసి స్పైరల్ బైండింగ్ చేయించినవాటిని బ్యాంకులు, రిజిస్ట్రార్లు అనుమానంగా చూస్తారు, ఎందుకంటే మధ్యలో ఏ పేజీ మారిందో ఎవరికీ తెలియదు. చివరి తీర్మానానికీ సంతకాలకూ మధ్య ఖాళీ వదలకండి. కొట్టివేత ఉంటే పక్కన అధ్యక్షుడి పొడి సంతకం పడాలి. తొలి తీర్మానం ఇలా ఉంటే చాలు:

"తేదీ ______ ఆదివారం సాయంత్రం 5.30 గంటలకు తిరుపతి, ______ నందు సమావేశం జరిగినది. హాజరైన సభ్యులు 18 మంది, సంతకాలు 2వ పుటలో. అధ్యక్షత: ______. తీర్మానం 1: ______ సంస్థ నియమావళిలోని ___వ నియమం ప్రకారం తిరుపతి నగర శాఖ గుర్తింపు కోసం కేంద్ర కార్యవర్గానికి దరఖాస్తు చేయాలనియు, గుర్తింపు ఉత్తర్వు అందు వరకు ఏడుగురు సభ్యులతో అడ్‌హాక్ కమిటీ పనిచేయాలనియు, ఆ కాలంలో కమిటీ గానీ సభ్యులు గానీ సంస్థ పేరుతో విరాళాలు స్వీకరించరాదనియు తీర్మానించడమైనది. ప్రతిపాదించినవారు: ______. బలపరచినవారు: ______. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది."

విరాళాలు స్వీకరించరాదన్న వాక్యాన్ని తీసేయకండి. మిమ్మల్ని కాపాడేది అదే.

దరఖాస్తుతో పాటు సభ్యుల జాబితా వెళ్లాలి. పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, వృత్తి, చిరునామా, ఫోను, సభ్యత్వ రసీదు నంబరు ఉండాలి. పేర్ల దగ్గర ఇక్కడ ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. తమిళనాడు సరిహద్దు ఊళ్లలో కొన్ని కుటుంబాల్లో ఇంటిపేరు బదులు తండ్రి పేరు మొదటి అక్షరం ఇనిషియల్‌గా పెట్టుకునే అలవాటు ఉంది. ఆధార్లో ఒక రకంగా, పాన్‌లో తండ్రి పేరు పూర్తిగా విప్పి ఇంకో రకంగా, ఓటరు కార్డులో ఇంటిపేరుతో మరో రకంగా ఉంటుంది. బాధ్యులుగా ఉండబోయేవాళ్ల ఆధార్, పాన్ రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించాలి. బ్యాంకులో సంతకం దాకా వెళ్లాక దొరికితే వారాలు పోతాయి.

పనుల నివేదిక కూడా అడుగుతారు. ఆరు నెలల్లో ఏం చేశారు, ఎంతమంది వచ్చారు, ఖర్చెంత, ఎవరు పెట్టుకున్నారు. ఫొటోలు నాలుగు చాలు. కేంద్ర కమిటీ చూసేది ఫొటోలు కాదు, ఖర్చు లెక్క. సభ్యులు తలా కొంత వేసుకుని ఖర్చు పెడితే ఎవరు ఎంత వేశారో పేర్లతో రాయండి.

ఇంకొక్క మాట, ఇది తిరుపతి కాబట్టి. శాఖ పేరులోగానీ లెటర్‌హెడ్ మీదగానీ టీటీడీ అనే అక్షరాలు, దేవస్థానం ముద్ర లాంటివి పెట్టకండి. దేవస్థానం తరఫున వసూలు చేస్తున్నారన్న అనుమానం ఒక్కసారి వస్తే అది పోదు. ప్రభుత్వ చిహ్నాలు, జాతీయ చిహ్నం, కొన్ని పేర్లు వాడటాన్ని 1950 నాటి చిహ్నాలు, పేర్ల దుర్వినియోగ నివారణ చట్టం ఎలాగూ నిషేధిస్తుంది.

గుర్తింపు రాకముందు డబ్బు

శాఖలు చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే. ఫ్లెక్సీ కింద కోశాధికారి సొంత ఫోన్‌పే నంబరు వేస్తారు, మంచి మనసుతోనే. డబ్బు ఆయన సొంత ఖాతాలో పడుతుంది. చట్టం దృష్టిలో అది ఆయన డబ్బు. దానికి లెక్క చెప్పాల్సింది కూడా ఆయనే, ఆదాయపు పన్ను శాఖ అడిగితే శాఖ కాపాడలేదు. మధ్యలో ఆయనకు ఏదైనా జరిగితే ఇంట్లోవాళ్లను అడిగి తెచ్చుకోవాల్సిన పరిస్థితి.

గుర్తింపు ఉత్తర్వు వచ్చేదాకా ఎవరైనా ఇస్తామంటే మాతృసంస్థ ఖాతాకే పంపమనండి. "తిరుపతి కార్యక్రమం కోసం" అని బదిలీ వివరంలో రాయమనండి. రసీదు మాతృసంస్థ ఇస్తుంది, ఖర్చుకు వాళ్లే నేరుగా టెంట్ హౌస్‌కు, ప్రింటింగ్ ప్రెస్‌కు చెల్లిస్తారు. చిన్న కార్యక్రమాలైతే సభ్యులే చేతి ఖర్చుతో చేసుకోవడం ఉత్తమం. వస్తురూపంలో వచ్చినవి, అంటే బియ్యం, దుప్పట్లు, నోటుపుస్తకాలు, స్టాకు పుస్తకంలో రాసుకోవాలి: ఎవరిచ్చారు, ఎన్ని, ఎవరికి పంచారు, తీసుకున్నవాళ్ల సంతకం.

హుండీ లాంటి డబ్బా పెట్టి వసూలు చేయడం గుర్తింపు వచ్చాక కూడా జాగ్రత్తగా చూసుకోవాల్సిందే. పేరూ ఊరూ లేని విరాళాలు మొత్తం విరాళాల్లో 5 శాతం లేదా లక్ష రూపాయలు, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే అది దాటితే, దాటిన మొత్తం మీద 30 శాతం పన్ను పడుతుంది. పరిమితి లెక్క శాఖకు విడిగా కాదు, పాన్ మొత్తానికి. తిరుపతిలో మీ డబ్బా, వైజాగ్‌లో ఇంకొకరి డబ్బా కలిసి లెక్కకొస్తాయి.

ఉత్తర్వు చేతికొచ్చాక: బ్యాంకు, రసీదులు

శాఖగా ఉంటే ఖాతా మాతృసంస్థ పేరుతోనే, దాని పక్కన "తిరుపతి శాఖ" అని తెరుస్తారు. బ్యాంకుకు కావాల్సినవి: మాతృసంస్థ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, బైలా ధ్రువీకరించిన ప్రతి, పాన్, మిమ్మల్ని గుర్తించిన ఉత్తర్వు, ఫలానా బ్యాంకులో ఖాతా తెరవడానికీ ఫలానా ముగ్గురిలో ఏ ఇద్దరైనా సంతకం చేయడానికీ కేంద్ర కార్యవర్గం చేసిన తీర్మానం, సంతకందారుల ఆధార్, పాన్, ఫొటోలు. తీర్మానంలో బ్యాంకు పేరు, బ్రాంచి పేరు స్పష్టంగా ఉండాలి. "ఏదైనా జాతీయ బ్యాంకులో" అని రాస్తే కౌంటరు దగ్గర తిప్పి పంపుతారు. ముగ్గురు సంతకందారులూ ఒకే ఇంటివాళ్లు కాకుండా చూడండి.

కొన్ని బ్యాంకుల్లో సంస్థ అనగానే కరెంటు ఖాతా తెరవమంటారు. రిజిస్టరైన సొసైటీలకు పొదుపు ఖాతా ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకుంటాయి. ఆ మాట మర్యాదగా చెప్పి పొదుపు ఖాతాయే అడగండి. కనీస నిల్వ భారం తగ్గుతుంది, వడ్డీ వస్తుంది.

రసీదు పుస్తకాలు శాఖ సొంతంగా అచ్చు వేయించకూడదు. కేంద్రం నంబర్లు వేసి పంపినవే వాడాలి, అందుకున్న పుస్తకాల నంబర్లు రిజిస్టరులో ఎక్కించాలి. ప్రతి రసీదు మీద దాత పేరు, చిరునామా, పాన్, మొత్తం, చెల్లించిన విధానం ఉండాలి. నగదు 2,000 రూపాయలు దాటితే దాతకు 80జి మినహాయింపు రాదు, ఆ మాట ముందే చెప్పాలి. కొత్త పన్ను విధానం ఎంచుకున్న దాతకు 80జి ప్రయోజనమే ఉండదు. కాబట్టి "మీ విరాళానికి పన్ను మినహాయింపు" అని ఫ్లెక్సీ మీద గుడ్డిగా వేయకండి. పైగా దాతకు రసీదు ఒక్కటే చాలదు. మాతృసంస్థ ఏటా మే 31లోగా దాతల వివరాలు పన్ను శాఖకు దాఖలు చేసి, దాని ఆధారంగా వచ్చే ధ్రువపత్రం దాతకు ఇవ్వాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. మీ శాఖ దాతల జాబితా ఏప్రిల్ 15 కల్లా కేంద్రానికి చేరకపోతే మీ దాతలే నష్టపోతారు.

ఖర్చు వైపు ఒక్క నియమం గుర్తుంటే చాలా గొడవలు తప్పుతాయి: ఒక రోజులో ఒకే మనిషికి 10,000 రూపాయలకు మించి నగదు చెల్లించకూడదు. వంటవాళ్లకు, షామియానా వాళ్లకు పొద్దున 8,000, సాయంత్రం 6,000 ఇచ్చినా రెండూ కలుపుతారు. బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

విడిగా రిజిస్టర్ కావాల్సి వస్తే

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురు కలిసి, రిజిస్ట్రేషన్ శాఖ జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేసుకోవాలి. దరఖాస్తు ఆ శాఖ పోర్టల్లో ఆన్‌లైన్‌లో పెట్టాలి. మెమొరాండం (సంస్థ పేరు, చిరునామా, లక్ష్యాలు రాసిన పత్రం), బైలా, ఏడుగురి గుర్తింపు పత్రాలు, కార్యాలయం చిరునామాకు ఆధారం కావాలి. అద్దె ఇల్లయితే యజమాని రాసిచ్చిన నిరభ్యంతర లేఖ, ఇటీవలి కరెంటు బిల్లు పెట్టండి. పాత బిల్లుల మీద, పన్ను రసీదుల మీద ఇంకా "చిత్తూరు జిల్లా" అని ఉంటే మెమొరాండంలో రాసే చిరునామాతో తేడా పడుతుంది, ముందే సరిచూసుకోండి. యూనివర్సిటీ క్వార్టర్సు, దేవస్థానం గదులు కార్యాలయ చిరునామాగా వాడకండి, ఆ సంస్థ అనుమతి కాగితం లేకుండా అది చెల్లదు.

మాతృసంస్థ పేరు వాడుకుంటున్నారు కాబట్టి వాళ్ల నిరభ్యంతర లేఖ తప్పనిసరిగా జతచేయండి. బైలాలో ఈ విషయం ఒక నియమంగా రాయాలి: ఈ పేరు మాతృసంస్థ అనుమతితో వాడుతున్నాం, గుర్తింపు రద్దయితే 90 రోజుల్లో పేరు మార్చుకుంటాం అని. ఇది రాయని చోట, గుర్తింపు పోయాక కూడా అదే పేరుతో సొసైటీ బతికే ఉంటుంది, ఊళ్లో రెండు బోర్డులు వెలుస్తాయి. సభ్యుల మధ్య తగాదా వస్తే 2001 చట్టం 23వ సెక్షన్ ప్రకారం మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్లాలి, రిజిస్ట్రార్ తీర్పు చెప్పడు.

బైలా రాసేటప్పుడే పన్ను మినహాయింపును కళ్లముందు పెట్టుకోండి. సంస్థ రద్దయితే ఆస్తులు ఇలాంటి లక్ష్యాలున్న మరో సంస్థకే చేరతాయని, మిగులు సభ్యులకు పంచబోమని ఉండాలి. లక్ష్యాల్లో ఒక మతానికో కులానికో మాత్రమే మేలు చేస్తామని ఉంటే 80జి రాదు. తిరుపతిలో రక్తదానం, విద్య పక్కనే "బ్రహ్మోత్సవాల్లో భక్తుల సేవ, భజన మండళ్లు" అని అలవాటుగా చేర్చేస్తారు. మతపరమైన ఖర్చు ఏడాది ఆదాయంలో 5 శాతం దాటితే 80జికి ముప్పు. ఆ సేవ చేయాలనుంటే వేరే సంస్థగా చేయండి.

రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీద పేరు ఎలా ఉందో పాన్ దరఖాస్తులోనూ అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. ఆ తర్వాత 12ఎబి, 80జి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ నంబర్లు మారాయి, వాడుకలో మాత్రం పాత పేర్లే ఉన్నాయి. కార్యక్రమాలు ఇంకా మొదలుపెట్టని సంస్థకు మూడేళ్ల తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇస్తారు. ఇక్కడ అందరూ తప్పు చదువుతారు. మూడేళ్లు ఉందిగదా అని కూర్చుంటారు. రెగ్యులర్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు చేయాల్సిన గడువు, తాత్కాలికం ముగియడానికి ఆరు నెలల ముందు, లేదా కార్యక్రమాలు మొదలైన ఆరు నెలల్లోగా, ఈ రెండింట్లో ఏది ముందొస్తే అది. జూన్‌లో తొలి వైద్య శిబిరం పెడితే డిసెంబరులోపు దరఖాస్తు వెళ్లాలి.

నిలబెట్టుకోవడం

గుర్తింపు ఒకసారి వస్తే ఎప్పటికీ ఉండేది కాదు. శాఖలైతే మార్చి 31తో లెక్క మూసి, వోచర్లు, బ్యాంకు స్టేట్‌మెంటు, నగదు నిల్వ ధ్రువీకరణ ఏప్రిల్ నెలాఖరులోగా పంపాలి. మాతృసంస్థ ఆడిట్ నివేదికకు సెప్టెంబరు 30, రిటర్నుకు అక్టోబరు 31 మామూలు గడువులు. విడి సొసైటీలైతే సర్వసభ్య సమావేశం జరిగాక 15 రోజుల్లో కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. ఏళ్ల తరబడి జాబితా ఇవ్వని సొసైటీకి బ్యాంకులో సంతకందారుల్ని మార్చడం కూడా కష్టమవుతుంది, కొత్త కార్యవర్గం నిజమైనదని చెప్పే కాగితం ఉండదు కాబట్టి.

కార్యవర్గం మారిన రోజే అప్పగింత జరగాలి. మినిట్స్ బుక్, సభ్యత్వ రిజిస్టరు, వాడిన, వాడని రసీదు పుస్తకాలు నంబర్లతో, చెక్కు పుస్తకం, నగదు పుస్తకం ఆ రోజు నిల్వతో, స్టాకు రిజిస్టరు, రబ్బరు స్టాంపులు, ఈమెయిలు పాస్‌వర్డు, బ్యాంకుకు అనుసంధానమైన సిమ్‌కార్డు. సిమ్ పాత కార్యదర్శి పేరుమీదే ఉండిపోతే ఓటీపీ ఆయన ఫోనుకే వెళ్తుంది. అందుకే మొదట్నుంచీ శాఖకు విడి సిమ్ తీసుకుని వాడండి. అప్పగింత జాబితా మూడు ప్రతులు తీసి, ఇచ్చినవాళ్లు, పుచ్చుకున్నవాళ్లు ప్రతి పేజీ మీద సంతకం చేసి, ఒక ప్రతి మాతృసంస్థకు పంపాలి. సంతకందారుల మార్పు తీర్మానం బ్యాంకులో నమోదై, కొత్త పేర్లు రికార్డులోకి ఎక్కినట్టు రాతపూర్వకంగా వచ్చేదాకా కొత్త చెక్కులు రాయకండి.